పరీక్ష ముందు పస్తు

అనగనగా ఇప్పచెట్లు విరగబూసే ఒక అడవి. ఆ అడవిలో గురవయ్య అనే ఎలుగుబంటికి తీపిజబ్బు పట్టింది.

అక్కడ వైద్యురాలు తాబేలమ్మ. ఆమె పరీక్ష ఒక్కటే. ప్రతి అమావాస్య పొద్దున జబ్బున్నవాళ్లు బండ మీద ఉచ్చ పొయ్యాలి. చీమలు మూగితే ఒంట్లో తీపి ఎక్కువున్నట్టు. మూగకపోతే అదుపులో ఉన్నట్టు.

"ఈ మందాకు రోజూ నమిలి తిను. తేనె మానెయ్. రోజూ వాగుదాకా నడువు. సాయంత్రం పాదాలు చూసుకో," అంది తాబేలమ్మ.

గురవయ్యకు ఒళ్లు మండింది. "చేటంత లేదు, నాకు చెబుతుందా! మా తాత తేనె తాగే ముసలోడయ్యాడు!"

అమావాస్యకు రెండు రోజుల ముందు నోరు కట్టుకుని పడుకున్నాడు. చీమలు రాలేదు.

"శభాష్ గురవయ్యా!" అని తాబేలమ్మ మందాకు తగ్గించింది. అతను ఇంటికి పోతూనే తేనెపట్టు దులిపాడు.

రెండో అమావాస్యా అంతే. మూడోదీ అంతే.

భార్య ఎర్రమ్మ చూసి చూసి విరుచుకుపడింది. "సిగ్గులేదూ? చీమల్ని ఏమార్చావు. నీ నెత్తురుని ఏం చెప్పి ఏమారుస్తావు?"

"నోర్ముయ్యవే! నన్ను మూడుసార్లు శభాష్ అన్నారు. నిన్నెవరన్నా అన్నారా?"

ఆ వారమే అతని కాలికి తుమ్మముల్లు దిగింది. పాదం మొద్దుబారి ఉంది, నొప్పి తెలియలేదు. చూసుకోనూ లేదు. ఎర్రమ్మ వాసన పట్టేసరికి రెండు వేళ్లు నల్లబడ్డాయి.

గురవయ్య కుంటుకుంటూ పోయి తాబేలమ్మ మీద అరిచాడు. "బాగున్నావన్నావు కదా! ఇదేం వైద్యం?"

"పరీక్షకు ముందు ఏం తిన్నావు?"

పస్తున్న సంగతి ఎర్రమ్మే చెప్పింది.

తాబేలమ్మ భగ్గుమంది. "నిన్ను నమ్మి మందు తగ్గించానురా! నాతో అబద్ధమాడితే నాకేం పోయింది? నా వేళ్లు నాకున్నాయి!"

వేళ్లు తియ్యక తప్పలేదు. ఆ కాలితో గురవయ్య మళ్లీ చెట్టెక్కలేదు. కోపం మాత్రం తగ్గలేదు. తాబేలమ్మ మీద కోపం, ఎర్రమ్మ మీద కోపం. అన్నిటికన్నా, పస్తుతో పడుకున్న ఆ రోజుల మీద కోపం.

గాయం మానాక ఒకనాడు చీమలపుట్ట ముందు నిలబడి గర్జించాడు. "ఒరే! అమావాస్య దాకా ఎందుకు? మీకు తోచినప్పుడు చెప్పకుండా రండి. నేను కడుపునిండా తిన్ననాడే రండి!"

చీమలు ఆ రోజే వచ్చాయి. అతను పోసిన ఉచ్చ మీద నల్లగా మూగాయి.

గురవయ్య వాటిని తిట్టుకుంటూనే వాగువైపు నడక మొదలుపెట్టాడు.

నీతి: వైద్యుడి మెప్పు కోసం రెండు రోజులు నోరు కట్టుకుంటే జబ్బు అణగదు; ఎవరూ చూడని రోజుల్లో చేసే పథ్యమే ఒంటిని కాపాడుతుంది.