నిన్నటి రవ్వముద్ద

అచ్యుతరామయ్య మాస్టారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "ముందు ముద్ద కలుపు" అంటారు. మృదంగం వాయించబోయే ముందు, ఎడమ వైపు చర్మం మీద నీళ్ళతో తడిపిన బొంబాయి రవ్వను బిళ్ళలా అద్దాలి. అది ఉంటేనే ఆ వైపు గంభీరంగా పలుకుతుంది. కచేరీ కాగానే దాన్ని గీకి తీసేసి, తడిగుడ్డతో తుడిచి పెట్టాలి. మళ్ళీ వాయించేటప్పుడు మళ్ళీ కొత్త ముద్ద. విశాఖపట్నం పాత పట్నంలో, రేవు కనిపించే ఆ మేడగదికి ఎవరైనా సందేహం మోసుకొస్తే, మాస్టారు రవ్వగిన్నె చేతిలో పెట్టేవారు. రవ్వ పిసుకుతూ కూర్చునేసరికి సగం సందేహాలు నీరుగారిపోయేవి. అలా నీరుగారని సందేహం ఒకటి పైడిరాజు పట్టుకొచ్చాడు.

పైడిరాజు పోర్టులో క్రేను నడుపుతాడు. నలభై దాటాక మృదంగం నేర్చుకుంటానని వచ్చిన మనిషి. ఈ వయసులో ఎందుకయ్యా అని మాస్టారు అడిగితే, "ఎర్రదిబ్బలోళ్ళ డ్రమ్ములు ఇనీ ఇనీ సేతులూరుకోట్లేదండి" అన్నాడు. మాస్టారికి ఆ జవాబు నచ్చి చేర్చుకున్నారు. ఎర్రదిబ్బలంటే సముద్రం ఒడ్డున ఉన్న ఆ మట్టిదిబ్బలు కావు, వాటి పేరు పెట్టుకున్న రాక్ బ్యాండు. పైడిరాజు కాలేజీలో చేరిన ఏడాదే వాళ్ళూ మొదలయ్యారు. నలుగురు మనుషులు, నల్లబట్టలు, నడుం దాకా జుట్టు, కళ్ళకి కాటుక. పాడే విక్టర్ గొంతెత్తాడంటే మైకు దండగ అనిపించేది. గిటార్ల దెబ్బకి ముందు వరసలో కూర్చున్నవాళ్ళు మర్నాటి దాకా చెవుల్లో హోరుతో తిరిగేవారు. ఆ హోరంటే పైడిరాజు చెవి కోసుకునేవాడు. తన పెళ్ళిలో సన్నాయి మేళం వద్దు, ఎర్రదిబ్బల పాటలు పెట్టండని పట్టుబట్టి మామగారి చేత చీవాట్లు తిన్నాడు కూడా.

అలాంటి బ్యాండు చాలాకాలం ఊరుకుని, ఈ ఏడు కొత్త పాటలతో వచ్చింది. విక్టర్ జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు, ఉన్నదంతా నెరిసింది. కాటుక పోయి కళ్ళజోడు వచ్చింది. నల్లబట్టల బదులు లేతరంగు నూలు చొక్కా. నిలబడి ఎగిరేవాడు కాస్తా ముక్కాలిపీట మీద కూర్చుని, కింది స్థాయిలో, పక్కవాడితో చెప్పుకుంటున్నట్టు పాడుతున్నాడు. వెనకాల గిటార్లు గొణుగుతున్నాయి, వాటి మధ్య ఎవరో క్లారినెట్ ఊదుతున్నాడు.

ఇంకేముంది, అభిమానులు రెండు ముక్కలయ్యారు. ఆదివారం ఆదివారం సముద్రం ఎదుటి టీకొట్టు దగ్గర చేరి వాదించుకునేవారు. వయసు మళ్ళితే జుట్టు కత్తిరించుకోకూడదా అని ఒకడంటే, జుట్టు కత్తిరిస్తే కత్తిరించారు, గిటార్ల పీక ఎందుకు నొక్కారని ఇంకొకడు. కుర్రకారు మెప్పు కోసం ఇలా తయారయ్యారని ఒకడు తేల్చేస్తే, "కుర్రోళ్ళెవులూ మెచ్చుకోలేదురా, మాయమ్మ మెచ్చుకుంది" అని పైడిరాజు మొహం మాడ్చుకున్నాడు. కొట్టతను మాత్రం రెండు వర్గాలకీ సమానంగా టీలు పోసేవాడు.

ఈ గొడవలో పైడిరాజు పోగొట్టుకున్నది దేవసహాయాన్ని. దేవసహాయం బళ్ళో డ్రాయింగు మాస్టారు. ఇద్దరిదీ కాలేజీనాటి స్నేహం. ఒకే సైకిలు మీద వానలో తడుస్తూ ఎర్రదిబ్బల కచేరీలకి వెళ్ళినవాళ్ళు, టిక్కెట్టుకి డబ్బులు చాలకపోతే గోడ అవతల నిలబడి విన్నవాళ్ళు. ఆ దేవసహాయం ఒక ఆదివారం, "విక్టర్ పాడతంటే ఇప్పుడు మాటలినిపిస్తన్నాయిరా, నాకు కన్నీళ్ళొచ్చేసినాయి" అన్నాడు. పైడిరాజు ఒంటికాలి మీద లేచాడు.

"మాటలు కావాలంటే రేడియోలో వార్తలినుకో. నీకు ఆ పాటలెప్పుడూ ఎక్కలేదురా. నాకు తోడుగా వొచ్చీవోడివి, అంతే."

దేవసహాయం సగం తాగిన టీగ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మరి రాలేదు. ఆదివారం ఆ స్టూలు ఖాళీగా కనబడితే పైడిరాజుకి గుండెలో కలుక్కుమనేది. కానీ పంతం ఒకటుంది కదా, మనిషిని కాలు కదపనివ్వదు.

కొత్త పాటలతో ఎర్రదిబ్బల కచేరీ ఆ శనివారమే. పాతపాటల వర్గం వాళ్ళు ఒక ఎత్తు వేశారు. అందరూ నల్లచొక్కాలు వేసుకుని ముందు వరసలో కూర్చోవాలి. మొదటి కొత్త పాట ఎత్తుకోగానే పైడిరాజు లేవాలి, అతని వెనకే అందరూ లేచి, విక్టర్ చూస్తుండగా బయటికి నడవాలి. పైడిరాజు కుర్రతనంలో వేసుకున్న నల్లచొక్కా పెట్టె అడుగు నుంచి తీశాడు. రెండు పక్కలా నల్లగుడ్డ అతుకులు వేయిస్తే గానీ అది పొట్ట మీదికి రాలేదు. ఎర్రదిబ్బల వేషం మారిందని రోజుల తరబడి వాదించినవాళ్ళు ఆ అతుకుల ఊసు మాత్రం ఎత్తలేదు.

అయినా పైడిరాజుకి మనసు కుదుటపడలేదు. లేచి వెళ్ళిపోతే విక్టర్‌ని జన్మలో మళ్ళీ వినలేడు, దేవసహాయం మొహం మళ్ళీ చూడలేడు. ఆ సంగతి తెలుసు. శుక్రవారం సాయంత్రం మాస్టారికి కచేరీ ఉంటే, మృదంగం మోయడానికి వచ్చి, ఉండబట్టలేక కథంతా ఏకరువు పెట్టి చివరికి అడిగాడు.

"పేరదే, మడుసులు ఆళ్ళే. ఏసం మారిపోయింది, సప్పుడు మారిపోయింది. ఇంకా ఆళ్ళు ఆళ్ళేనంటారా మాస్టారూ?"

మాస్టారు రవ్వగిన్నె ముందుకు తోశారు. "ముద్ద కలుపు."

ఆ సాయంత్రం కచేరీలో మాస్టారి ఎడమచెయ్యి ఎలా పలికిందో చెప్పడానికి పైడిరాజుకి మాటలు చాలవు. వేదిక మీద వెనకాల కూర్చున్నవాడికి ఆ నాదం నేలలోంచి వచ్చి ఒళ్ళంతా పాకినట్టయింది. పాడుతున్నావిడ కూడా ఒకసారి ఆపి, మాస్టారి వైపు చూసి తల ఊపింది. కచేరీ అయ్యాక ముద్ద గీకడం పైడిరాజు పని. చెంచా చేతిలోకి తీసుకున్నాడు. ముద్ద ఇంకా చల్లగా, నున్నగా, మాస్టారి అరచేతి గుర్తుతో ఉంది. ఇంత బాగా పలికినదాన్ని గీకి పారెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. అటూ ఇటూ చూసి, మృదంగాన్ని ముద్దతో అలాగే సంచిలో పెట్టి, తాడు బిగించేశాడు. ఏదో నిధిని దాచినంత సంబరపడ్డాడు కూడా.

మర్నాడు ఉదయం పాఠానికి కూర్చుని మాస్టారు సంచి విప్పారు. ముద్ద ఎండి బిగుసుకుపోయింది. నెర్రెలు విచ్చి, అంచులు పైకి లేచాయి. మాస్టారు అరచేత్తో తట్టారు. తలుపు మీద తట్టినట్టు టక్కుమంది. మాస్టారు నీళ్ళు చిలకరించి, నానబెట్టి, గోటితో మెల్లగా ఊడదీశారు. ఎంత మెల్లగా తీసినా దాంతోపాటు చర్మం మీది పొర ఒకటి లేచి వచ్చింది. ఆ వైపు మూత ఇక మార్పించవలసిందే.

"కావాలనే ఉంచావా?"

"అవునండి." పైడిరాజు ఊడిన ముక్కనొకటి చేతిలోకి తీసుకున్నాడు. "ఆ సప్పుడు పోతాదని."

మాస్టారు కోప్పడతారని ఒళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన కోప్పడలేదు. పొర లేచిన చోట బొటనవేలితో నిమిరి, ఎండిన ముక్కల్ని కాగితంలో పోగుచేసి పక్కన పెట్టారు. తర్వాత మూలనున్న రెండో మృదంగం దగ్గరికి లాక్కుని, మళ్ళీ ఆ మాటే అన్నారు. "కలుపు."

పైడిరాజు నిన్న ఎంత రవ్వ తీసుకున్నాడో అంతే తీసుకుని, నిన్న ఎన్ని నీళ్ళు పోశాడో అన్నే పోశాడు. ఇవాళైనా పొరపాటు జరగకూడదని అతని తాపత్రయం. ముద్ద అద్దబోతే నిలవలేదు, జావలా జారి ఒళ్ళో పడింది. మాస్టారు కిటికీ వైపు చెయ్యి చూపించారు. తెల్లవారినప్పటి నుంచి సముద్రం మీది గాలి మారింది. ఆరేసిన పంచె కూడా ఆరక బరువుగా వేలాడుతోంది. పైడిరాజు సిగ్గుపడి, పొడి రవ్వ చేర్చి మళ్ళీ కలిపాడు. మాస్టారు అద్ది, తట్టి, చిటికెడు తీసి, మళ్ళీ తట్టి చూసుకున్నారు. అలా తీస్తూ పెడుతూ ఉండగా ఒక దెబ్బకి గదంతా నిండుగా మోగింది.

"నిన్నటిదేనా?" అన్నారు మాస్టారు.

పైడిరాజు కళ్ళు మూసుకుని విన్నాడు. అవునని చెప్పి మాస్టారిని సంతోషపెడదామనిపించింది. కానీ ఆయన దగ్గర అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"కాదండి." కళ్ళు తెరిచి, "గానీ మీదే మాస్టారూ. ఎక్కడిన్నా నాకు తెలిసిపోతాది" అన్నాడు.

"ఊఁ" అని మాస్టారు పాఠం మొదలుపెట్టారు. ఎర్రదిబ్బల ప్రసక్తి ఆయనా తేలేదు, పైడిరాజూ తేలేదు.

సాయంత్రం పైడిరాజు అతుకుల చొక్కా వేసుకుని కచేరీకి వెళ్ళాడు. మాట ఇచ్చాడు కనక వెళ్ళాడు. ముందు వరస అంతా నల్లగా ఉంది. మధ్య వరసల్లో, దారి పక్కన, దేవసహాయం ఒక్కడే కూర్చున్నాడు. పక్క కుర్చీలో గొడుగు పెట్టుకున్నాడు. కాలేజీ రోజుల్లో పైడిరాజు కోసం కుర్చీ పట్టేవాడు కాబట్టి అది అలవాటో, మరొకటో తెలియదు.

విక్టర్ పీట మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, కొత్త పాట ఎత్తుకున్నాడు. నల్లచొక్కాలన్నీ పైడిరాజు వైపు తిరిగాయి. పైడిరాజు ఇంకా లేవలేదు. చిరాకుగానే వింటున్నాడు. ఆ క్లారినెట్ అతనికి ఇప్పటికీ నచ్చలేదు. అంతలో డ్రమ్ములు వినబడ్డాయి. ఒకప్పుడు పిడుగులు కురిపించిన మనిషి ఇప్పుడు వేళ్ళతో, ఊరడిస్తున్నట్టు వాయిస్తున్నాడు. కానీ చరణం మలుపు తిరిగే చోట వెంట్రుకవాసి ఆలస్యంగా వచ్చి పడే ఆ దెబ్బ, అది పైడిరాజుకి తెలుసు. గోడ అవతల వానలో నిలబడి పట్టుకున్న దెబ్బ అది. తన వేళ్ళు మోకాలి మీద ఆడుతున్నాయని అతనికి కాసేపటికి గానీ తెలియలేదు. కళ్ళు చెమర్చాయి. ఎంత మొండివాణ్ణిరా నేను అనుకుని లేచాడు.

అతను లేవగానే ముందు వరస మొత్తం లేచింది. పైడిరాజు గుమ్మం వైపు వెళ్ళలేదు. దారివెంట నడిచి దేవసహాయం పక్కన ఆగాడు.

"గుమ్మం అటేపుందిరా" అన్నాడు దేవసహాయం, తల తిప్పకుండా.

"తెల్సు." పైడిరాజు గొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఆ రోజు నేనన్న మాట తప్పురా. నువ్వు లేకుండా నేనా పాటలు ఎప్పుడూ ఇననే లేదు."

దేవసహాయం చాలాసేపు పాట విన్నాడు. తర్వాత, "టీ సగంలో ఒదిలేసినాను" అన్నాడు.

"సల్లారిపోయుంటాది. రేపు కొత్తది తాగుదాం."

నల్లచొక్కాల వాళ్ళకి మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాయకుడు బయటికి పోకుండా కూర్చున్నాడు, తాము నిలబడిపోయారు. వెనక నుంచి "కూకోండెహె!" అని కేకలు మొదలయ్యాయి. వేదిక మీద విక్టర్ పాట ముగించి, కళ్ళజోడు మీదుగా ఆ నిలబడ్డ నల్లచొక్కాల్ని చూశాడు. పాతవాళ్ళంతా తన కొత్త పాటకి లేచి నిలబడ్డారనుకున్నాడు. అతని మొహం వెలిగిపోయింది. పీట మీంచి కష్టపడి లేచి, రెండు చేతులూ జోడించి, తల వంచాడు. ఆ దండం పెట్టించుకున్నాక ఎవరు బయటికి పోగలరు? ఒక్కొక్కరే మెల్లగా కూర్చున్నారు. ఒకడైతే కూర్చునే ముందు తిరిగి దండం కూడా పెట్టాడు.

ఆదివారం టీకొట్టు దగ్గర దేవసహాయంతో కూర్చుని, ఆలస్యంగా పాఠానికి వచ్చిన పైడిరాజు జరిగినదంతా మాస్టారికి చెప్పాడు. ఆయన నవ్వుతూ విన్నారు.

"ఇంతకీ పాటలెలా ఉన్నాయి?"

పైడిరాజు తల గోక్కున్నాడు. "నిజం సెప్పాలంటే ఇంకా ఎక్కలేదండి. ఆ క్లారినెట్ ఒకటి. మళ్ళీ ఇనాలి. దేవసహాయం నేర్పుతానన్నాడు." రవ్వగిన్నె వైపు చూసి, "నేనడిగినదానికి మీరింకా జవాబు సెప్పలేదు మాస్టారూ" అన్నాడు.

మాస్టారు కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి చూసుకుని, రవ్వగిన్నె అతని ముందుకు జరిపారు.

"ఈవేళ గాలి పొడిగా ఉంది నాయనా. నీళ్ళు కాస్త ఎక్కువ పొయ్యి."