పడమటి పీట

హిమజ ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి అడిగింది.

"గురువుగారూ, నా వాదంలో దోషం ఎక్కడుందో మీరు చెప్పాలి."

"ఓడిపోయావా?" అన్నారు విశ్వపతి శాస్త్రిగారు.

"గెలిచానండీ."

"గెలిచినవాళ్ళకు దోషంతో ఏం పనమ్మా?"

"గెలిచిన దగ్గర్నుంచీ రెహానా నాతో మాట్లాడటం లేదండీ."

శాస్త్రిగారు చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టారు. నేను కూడా కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాను.

కాకినాడలో తర్కశాస్త్రం పద్ధతిగా చెప్పగలవాళ్ళు ఇప్పుడు ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. గాంధీనగరంలో ఒక కాఫీపొడి కొట్టు పైన శాస్త్రిగారి గది. మెట్లు ఎక్కుతుంటే కింద గింజలు వేయించే వాసన మనతో పాటే పైకి వస్తుంది. నేను వారి శిష్యుణ్ణని చెప్పుకోలేను. బి.ఏ.లో తర్కం ఒక పేపరుగా చదివాను. ఆ పాఠం చెప్పిన లెక్చరరు గారికి క్లాసులో కిటికీవైపు చూస్తూ మాట్లాడే అలవాటు. అందువల్ల ఆ శాస్త్రం మొత్తం కిటికీ అవతల ఉన్న వేపచెట్టు నేర్చుకుందని మేం చెప్పుకునేవాళ్ళం. రిటైరయ్యాక, ఆ చెట్టుకు పోయిందేదో కొంతైనా నాకు దక్కకపోతుందా అని సాయంత్రాలు ఇక్కడికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాను.

హిమజ సంగతి వేరు. కిందటేడు తనంతట తనే వచ్చింది.

"వాదించడం నేర్పుతారటగా?" అంది.

"దేని గురించి వాదిస్తావు?" అన్నారు శాస్త్రిగారు. వారి దగ్గరికి లాయర్లు వస్తారు, సంస్కృతం ఎం.ఏ. పిల్లలు వస్తారు. ఈ అమ్మాయి సంచీలోంచి అరచేతిలో పట్టే ఒక ఆట యంత్రం తీసి చూపించింది.

ఆ ఆట ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. బొమ్మల అడవుల్లో తిరిగి వింత జంతువులను పట్టుకుని సంచీలో వేసుకోవాలి. వాటిని పెంచాలి. వేరేవాళ్ళ జంతువులతో కుస్తీ పట్టించాలి. ఇక్కడి పిల్లలు దాన్ని సంచీ ఆట అంటారు. కొన్నేళ్ళకొకసారి కంపెనీవాళ్ళు కొత్త అడవులతో, కొత్త జంతువులతో ఇంకో ఆట విడుదల చేస్తారు. అలా వచ్చిన ఒక్కో విడతను ఒక్కో తరం అంటారు. అన్నిటిలోకీ ఏ తరం గొప్పదన్నది ఆ ఆట ఆడేవాళ్ళలో ఎప్పటికీ తెగని తగాదా. పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నవాళ్ళు కూడా ఈ విషయం మీద తెల్లవార్లూ కొట్టుకుంటారట. నాకేం వింతగా అనిపించలేదు. మా హాస్టల్లో పాత వంటవాడి సాంబారు గొప్పదా, కొత్త వంటవాడిది గొప్పదా అని రెండు పార్టీలుండేవి. ఎన్నికల్లో కూడా ఆ పార్టీల ప్రకారమే ఓట్లు పడేవి.

శాస్త్రిగారు ఆ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికోసమైనా తర్కం కావాలని వచ్చావు. కూర్చో," అన్నారు.

పిల్ల చురుకైనది. కొండమీద పొగ కనిపిస్తోంది కనుక అక్కడ నిప్పుంది అన్నది తర్కంలో అందరూ మొదట చదివే ఉదాహరణ. హిమజ దాన్ని విన్న మర్నాడే తన ఆటలోంచి ఇంకోటి తయారుచేసుకు వచ్చింది. ఆ ముంగిస నిప్పు జాతిది, వీపుమీంచి పొగ వస్తోంది కనుక. శాస్త్రిగారు ఎంత నవ్వారో! తరవాత లాయర్లకు కూడా ఆ ముంగిసతోనే పాఠం చెప్పారు. ముంగిస ఏం తింటుంది, ఎలా ఎదుగుతుంది అని ఆ అమ్మాయిని అడిగి అడిగి, వారికే ఆ ఆటలో మంచి ప్రవేశం వచ్చేసింది.

హిమజ చాప మీద కూర్చుని జరిగింది చెప్పింది.

ఆదివారం సంచీ ఆట అభిమానులంతా ఒక బేకరీ మేడ మీద కలిశారు. రాజమండ్రి నుంచి, విశాఖ నుంచి కూడా వచ్చారు. తరాల మీద వాదన పెట్టారు. హిమజది మొదటి తరం. మూడో తరం తరఫున లేచింది రెహానా. ఇద్దరూ తొమ్మిదో తరగతి నుంచి ఒకే బెంచీ, పక్కపక్క వీధులు. సంచీ ఆట మొదలుపెట్టింది కూడా ఇద్దరూ కలిసే.

"తను ఏం చెప్పినా నిలవలేదండీ. అన్నీ విరగ్గొట్టేశాను. ఒకటే చప్పట్లు. ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. కింద అందరూ నవ్వు బొమ్మలు."

"ఆ అమ్మాయి?"

"రాత్రికే గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఫోనెత్తదు. నా ఛార్జరొకటి తన దగ్గరుంటే నిన్న పంపించేసిందండీ. కొరియర్లో! పక్క వీధి నుంచి కొరియర్లో!"

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల కళ్ళు చూసి మింగేశాను.

"ఇక ఆట కూడా మానేసిందట. వాళ్ళ తమ్ముడు చెప్పాడు. ఎక్కడో నేను తప్పు హేతువు చెప్పి ఉంటానండీ. అది తెలిస్తే వెళ్ళి ఒప్పేసుకుంటాను. కానీ ఎంత వెతికినా దొరకడం లేదు." చివరి మాటలో బాధ ఎంతుందో గర్వమూ అంతే ఉంది.

"ఏం చెప్పావో చెప్పు."

హిమజ వరసగా చెప్పింది. శాస్త్రిగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఒకచోట వేలెత్తారు, మళ్ళీ దించేశారు.

"దోషం లేదు," అన్నారు.

"లేదా?" అంది హిమజ. సంతోషించాలో లేదో తెలియని గొంతు.

శాస్త్రిగారు గోడ పట్టుకుని లేచారు. మోకాళ్ళ నొప్పులొచ్చాక వారు కింద కూర్చోవడం మానేశారు. అలాంటిది, మెల్లగా వంగి తూర్పు పీట మీద కూర్చున్నారు.

ఈ పీటల సంగతి చెప్పాలి. ఆ గదిలో ఎదురెదురుగా రెండు పీటలుంటాయి. తూర్పు పీట మీద కూర్చున్నవాడు తన మాట నిలబెట్టుకోవాలి. పడమటి పీట మీద కూర్చున్నవాడు ఎదుటి పక్షం. దానికి వారి గురువుల నాటి నుంచి ఒక నియమముంది. పడమటి పీట ఎక్కాక 'వాళ్ళు ఇలా అంటారు' అనకూడదు. 'నేనంటున్నాను' అనాలి. కూర్చున్నంతసేపూ ఆ ఎదుటి మనిషే అయిపోవాలి. నేనొకసారి దానిమీద చార్వాకుడిగా కూర్చుని, దేవుడు లేడని చాలాసేపు వాదించి, ఇంటికి పోయాక మా ఆవిడ హారతి పళ్ళెం ముందుకు చాపితే కాసేపు చెయ్యి రాలేదు.

"అటు కూర్చో," అన్నారు శాస్త్రిగారు.

"నాది మొదటి తరం కదండీ. ఆ పీట నాది కాదు."

"నీ పేరేమిటి?"

"హిమజ."

"హిమజ ఇదిగో, ఇక్కడ కూర్చుంది. నువ్వెవరో చూసుకుని మాట్లాడు."

హిమజ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. తను వెళ్ళి పడమటి పీట మీద కూర్చుంది.

శాస్త్రిగారు ఉత్తరీయం సర్దుకుని, గడ్డం కొంచెం పైకెత్తారు. అచ్చం హిమజ వాదనలోకి దిగేటప్పుడు ఎత్తినట్టే.

"అన్ని తరాల్లోకీ మొదటి తరమే గొప్పది. మిగిలినవన్నీ దానిలోంచే పుట్టాయి కనుక. ఏముందే రెహానా, మీ మూడో తరంలో?"

డెబ్భై దాటిన పండితుడి నోట ఆ 'ఏముందే' విని హిమజకు నవ్వాగలేదు. తమాయించుకుని మొదలుపెట్టింది.

"రంగులున్నాయి. మొదటి తరం అంతా బూడిద రంగే కదా."

"రంగులుంటే గొప్పదైతే మా వీధి చివర చీరల కొట్టు అన్నిటికన్నా గొప్పది. తరువాత?"

"జంతువులు ఎక్కువ."

"కాకినాడలో దోమలు ఎక్కువ. తరువాత?"

"వాన పడుతుంది అందులో. వాన పడితే నీటి జంతువులకు బలం వస్తుంది."

"వానపడితే ఆ దోమలకూ వస్తుంది. తరువాత?"

నేను గట్టిగానే నవ్వాను. హిమజ నా వైపు తిరిగి, "మీరు నవ్వకండి తాతగారూ," అంది. ఇందాకటి నవ్వు ముఖం కాదు.

ఆ 'తరువాత?' అన్న మాట హిమజదే. ఎదుటివాడు చెప్పింది ఇంకా గాల్లో ఉండగానే, చిటికె వేసినట్టు అనేస్తుంది. బాగా పనిచేసే మాట. హిమజను చూసి ఒక లాయరు కూడా నేర్చుకున్నాడు.

"రెండేసి జంతువుల్ని జతగా దింపొచ్చు. మొదటి తరంలో అలా లేదు."

"ఒక్కదానితో గెలవలేనివాళ్ళకు జత కావాలి. తరువాత?"

"అది కాదు, ఆ జతలో..."

"జత అయిపోయింది. తరువాత?"

"అంటే, అది నేను ఆడినప్పుడు..."

"నువ్వు ఆడినంత మాత్రాన గొప్పదవుతుందా? తరువాత?"

"అబ్బా, నన్ను చెప్పనివ్వవేంటే!"

గురువును 'ఏంటే' అన్నందుకు నాలిక కరుచుకుంటుందనుకున్నాను. అది తోచినట్టే లేదు. ఆ కేకను ఎక్కడో విన్నదానిలా, ఎప్పుడో విని పట్టించుకోనిదానిలా, నోరు కొంచెం తెరిచి అలాగే ఉండిపోయింది.

"చెప్పవే," అన్నారు శాస్త్రిగారు. గడ్డం దించేశారు. గొంతు కూడా.

హిమజ పీట అంచు గోటితో గీరుతూ కూర్చుంది. లేచిపోతుందేమో అనుకున్నాను. తరవాత, తనకు తనే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"మూడో తరం వచ్చినప్పుడు మేం ఇంటరు రెండో ఏడు. ఆ ఏడాది నాకు కామెర్లు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. హిమజకు కామెర్లెప్పుడొచ్చాయి అనుకున్నాను. పీట నియమం గుర్తొచ్చింది.

"కాలేజీ మానేసి మంచం మీదే ఉన్నాను. మా అమ్మ ఎవర్నీ గదిలోకి రానిచ్చేది కాదు. చప్పిడి తిండి. పరీక్షలు పోతాయని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు."

ఆగింది. శాస్త్రిగారు 'తరువాత' అనలేదు.

"హిమజ రోజూ వచ్చేది. కాలేజీ నుంచి తిన్నగా మా ఇంటికే. మా అమ్మతో పోట్లాడి మరీ లోపలికి వచ్చేది. మా ఇద్దరికీ ఒకటే యంత్రం. నాకు దాన్ని ఎత్తి పట్టుకునే ఓపిక ఉండేది కాదు. తను పట్టుకునేది, నేను మీటలు నొక్కేదాన్ని. నేను నిద్రపోతే ఆపేసి కూర్చునేది. నన్ను వదిలి ఒక్క అడుగు కూడా ముందుకు ఆడేది కాదు."

కింద కొట్లో గింజలు వేయించే యంత్రం ఆగినట్టుంది. ఆ మోత ఉన్నట్టు అప్పటిదాకా నాకు తెలియలేదు.

"ఇందాక రంగులన్నాను. ఆ రంగులెలా ఉన్నాయో నాకు తెలీదు. అప్పుడు కళ్ళు పచ్చగా ఉన్నాయి కదా. వాన ఒకటి గుర్తుంది. ఆ ఆటలో వాన పడుతుంటే, హిమజ కిటికీ వైపు చూసి, గొడుగు తేలేదే అంది. బయట ఎండ. ఇద్దరం ఎంత నవ్వామో. మా అమ్మ పరుగెత్తుకొచ్చింది."

హిమజ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు తూర్పు పీట మాట్లాడాలి. అక్కడ ఏం రావాలో నాకు కూడా తెలుసు. వేపచెట్టు నేర్చుకోగా మిగిలిన కాస్త తర్కంలో అదొకటి నాకు దక్కింది. కామెర్లున్నవాడికి తెల్లని శంఖం పసుపుగా కనిపిస్తుంది, కనుక రోగి చూసింది ప్రమాణం కాదు అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఈ పిల్ల తనంతట తనే ఆ ఉదాహరణ తెచ్చి గురువుగారి చేతిలో పెట్టింది. ఒక్క వాక్యం చాలు.

శాస్త్రిగారు కళ్ళజోడు తీశారు. ఉత్తరీయం కొసతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎంతసేపు తుడిచినా అద్దాలు తేటపడలేదు.

హిమజ లేచింది. సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, వాదం మధ్యలో పీట దిగకూడదని గుర్తొచ్చినట్టుంది, వెనక్కి తిరిగింది.

"మీరు ఖండించాలి కదండీ, గురువుగారూ?"

శాస్త్రిగారు తల అడ్డంగా ఊపారు.

"ఇది నా తరం కాదు తల్లీ. నువ్వు వెళ్ళు."