అతుకులమ్మ బొంతలో కుట్టకుండా వదిలిన పక్క

జిల్లెడుపల్లె గుట్ట మీద వెలసిన అతుకులమ్మ తల్లి కథను ఇది రాసినవాడికి మొదట చెప్పినది మేర లింబవ్వ. ఆమె ఈ కథలోని చిలుకవ్వ ఇంటికి ఐదో తరం కోడలు. తొంభై ఏళ్ళు బతికింది. సూదిలో దారం ఎక్కించడానికి చివరిదాకా ఎవరినీ పిలవలేదు. అందుచేత ఆమె మాట గట్టి మాట. మెట్ల దగ్గర బోర్డు మీద ఉన్నది వేరే కథ. అది ఎవరు చెప్పగా రాశారో రాసినవాళ్ళకే తెలియాలి.

ముందు స్థలం సంగతి. గుట్ట పైన తూర్పు ముఖంగా నడుమెత్తు రాయి ఒకటి ఉంటుంది. అదే తల్లి. కళ్ళు, ముక్కు, కిరీటం పెట్టలేదు, పెట్టకూడదు. రాయి మీద ఏడాది పొడుగునా బొంత కప్పి ఉంటుంది. ఆ బొంత మందం ఇప్పుడు మూరెడు. చినిగినచోట చినిగిన ముక్క తీసివేయరు, దాని మీదనే ఇంకొక అతుకు వేస్తారు. గుట్ట మీదికి కత్తెర తేరాదు. బొంత నడిమి గడి ఎర్రది. దానికి మూడు పక్కలే కుట్టు ఉంటుంది, నాలుగో పక్క తెరిచి ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు అది చూసి ఊడిపోయిందనుకుంటారు. పుణ్యానికని సూది తీసి కుట్టబోయినవాళ్ళు కూడా ఉన్నారు. అది ఊడిపోలేదు. ఎందుకు వదిలారో వినండి.

పూర్వం ఇక్కడ మెట్లు లేవు, గుట్టకు పేరూ లేదు. కింద పల్లెలో బట్టలు కుట్టే మేర కులానికి చెందిన భూదవ్వ ఉండేది. బొంత కుట్టడంలో ఆమె చేతికి ఎదురులేదు. పాతచీరను జానెడు జానెడుగా చించి, మూలకు మూల మడిచి, నాలుగు మూల ముక్కలు కలిపి ఒక గడి చేసేది. పడుగు పడుగుకు కలవాలి, పేక పేకకు కలవాలి. కలవకపోతే ఉతికిన రోజే గడి ముడుచుకుపోతుంది. ఒక్క పోగు వాలితే కుట్టినదంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టేది. మాట విషయంలో కూడా అంతే. ఎవరి మాట వాలినా విప్పేది, అయితే మళ్ళీ కుట్టేది కాదు.

ఆమె మరిది భార్య చిలుకవ్వ. యారాళ్ళు ఇద్దరూ మొదట ఒకే వాకిట్లో కూర్చుని పని చేసేవారు. వాళ్ళ ఇంటి పద్ధతి ఏమంటే, బొంతను అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చి, నడిమి గడిని మాత్రం ఇద్దరు కుట్టాలి. పైన ఒకరు సూది దింపితే, బొంత కింద చేయి పెట్టి ఇంకొకరు అందుకుని తిరిగి పైకి పంపాలి. ఒక్కరే కుడితే సూది అడుగు పొరకు అందదు, కుట్టు పైపైనే నిలుస్తుంది.

భూదవ్వ దగ్గర తన కన్నతల్లి ఇచ్చిన బొంత ఒకటి ఉండేది. దాని నడిమి గడి తల్లి కట్టిన నీలిమందు చీరది. ఒక ఏడు భూదవ్వ తన కూతురి కాన్పు కోసం పొరుగూరికి పోయి మూడు నెలలకు తిరిగి వచ్చింది. బొంత తీసి చూస్తే నడుమ నీలిముక్క లేదు. ఆ చోట చిలుకవ్వ పెళ్ళిచీర ఎర్రముక్క కుట్టి ఉంది.

చిలుకవ్వ, "ఎలుక కొరికింది అక్కా, అందుకే..." అని నోరు తెరిచింది.

"రెండు కాళ్ళ ఎలుక కొరికింది!" అని భూదవ్వ పదిమందిలో కేక వేసింది. "మా అమ్మ గుడ్డ కోసి దాచుకున్నవ్. దొంగదానివి!"

చిలుకవ్వ లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. మరుసటి వారం వాకిట్లో అడ్డగోడ లేచింది. భూదవ్వ ఆ బొంతను మడిచి అటక మీద పడేసింది. తాను కప్పుకోలేదు, ఎవరికీ కప్పలేదు. ఆ కాన్పులో పుట్టిన మనుమరాలు మంగికి ఎన్ని ఏళ్ళో ఆ పగకు అన్ని ఏళ్ళు. మంగి అవ్వ దగ్గరే పెరిగింది.

మంగికి ఆరేళ్ళు నిండిన పుష్యమాసంలో పిల్లకు చలిజ్వరం పట్టుకుంది. పళ్ళు టకటకమని కొట్టుకునేవి. కషాయం తాగించారు, కుంపటి పెట్టారు. భూదవ్వ ఒకదాని మీద ఒకటి ఐదు బొంతలు కప్పింది. వణుకు తగ్గలేదు. తొమ్మిదో రోజుకు పిల్ల మింగడం మానేసింది. ఊరి వైద్యుడు నాడి చూసి తల వంచుకుని వెళ్ళిపోయాడు.

అదే రోజు గొర్రెలు కాచే కురుమ కొమురెల్లి గుట్ట దిగి వచ్చి, "మీదున్న రాయి వణుకుతున్నది" అన్నాడు. గొర్రెలు దాని దగ్గరికి పోవడం లేదట. తన గొంగడి కప్పితే జారి పడిపోయిందట.

"రాయి వణికిందా, నువ్వు తాగి వణికినవా?" అని జనం నవ్వారు. భూదవ్వ నవ్వలేదు. పిల్ల తల ఒడిలో పెట్టుకుని గడపకు ఆనుకుని కూర్చుంది. తొమ్మిది రోజులుగా కునుకు లేని మనిషి, పట్టపగలే కన్ను మూతపడింది.

కలలో చామనఛాయ ముసలమ్మ ఒకతె ఎదురుగా వణుకుతూ నిలబడింది. "నీ పిల్లకు ఐదు కప్పినవ్, నాకు ఒక్కటి కప్పు. అటుక మీద మడత పెట్టిందే కావాలె. చినిగినట్టు తేవద్దు, బాగుచేసి తే. పాతగుడ్డ ఒక్క ముక్క కూడ పారెయ్యొద్దు" అన్నది.

భూదవ్వ ఉలిక్కిపడి లేచి, వచ్చినది గుట్ట మీద వణికే రాయేనని తెలిసి, బొంత దింపింది. ఆరేళ్ళలో అంచులు పొరలు పొరలుగా విడిపోయాయి, మూలల్లో దూది బయటికి వచ్చింది. పిల్ల పక్కనే కూర్చుని తన పాతచీరలు చించి ఇరవై ఒక్క గడులు చేసింది. చినిగిన ప్రతి చోట అతికింది. చివరికి నడుమ ఎర్రముక్క మిగిలింది. దాన్ని తీసి పారేయాలని చేయి పోయింది, కానీ కలలో ముసలమ్మ పారేయొద్దన్నది. అందుకని దాని మీద తన ముక్క వేసి, ఎరుపు అన్నది కనబడకుండా కప్పేసి, గుట్ట ఎక్కి రాయికి కప్పింది.

ఆమె చూస్తుండగానే నడిమి అతుకు కుట్లు ఒక్కొక్కటే పుటుక్కున తెగాయి. ముక్క గాలికి లేచి రాలిపోయింది. ఎర్రగడి మళ్ళీ బయటపడింది. బొంత జారి నేల మీద పడింది. భూదవ్వ రెండుపేటల దారంతో మళ్ళీ కుట్టింది, అదీ రాలిపోయింది. మూడోసారికి సూది విరిగింది.

కొమురెల్లి పక్కన నిలబడి, "అవ్వా, తప్పుగ అనుకోకు. నడుమ కుట్టు నీ ఒక్కదానితోని అయ్యేది కాదు. కింద ఇంకో చేయి కావాలె గద" అన్నాడు.

"కురుమోనివి, నాకు కుట్టుడు నేర్పుతవా?" అని అతని మీద మండిపడింది. కానీ గుట్ట దిగుతుంటే అడుగులు తన ఇంటివైపు పడలేదు. వాకిలి అడ్డగోడకు అవతలి వైపు తలుపు ముందు ఆగాయి. ఆరేళ్ళలో ఆ తలుపు తట్టడం అదే మొదలు.

చిలుకవ్వ తలుపు తీసి, ఆమెను చూసి, "దొంగ ఇంటికి వచ్చినవేందక్కా? ఏం పోయింది?" అన్నది.

"పోలేదే ఇంకా. పోయేటట్టున్నది." భూదవ్వ గడప దాటి చిలుకవ్వ చేయి పట్టుకుంది. "మంగి పోయేటట్టున్నది. గుట్ట మీదికి రా. బొంత కింద చేయి పెట్టు."

చిలుకవ్వ కొంగు బిగించి వెంట నడిచింది. పైకి పోయాక బొంత పరిచి ఎర్రగడిని చూసి, చిలుకవ్వ అడిగింది. "ఆరేండ్లు అటుక మీద పెట్టినవు. నా అతుకు ఒక్కసారన్న ఇప్పి చూసినవా అక్కా?"

"ఇప్పుడెందుకు? నువ్వు కోసింది నాకు తెల్వదా?"

"మేరోళ్ళ కోడలిని. పాతగుడ్డ మీద కత్తెర పెడుతనా?" అని చిలుకవ్వ సూది మొనతో ఒక పక్క కుట్లు ఎత్తింది. ఎర్రముక్కను ఆకులాగ తిప్పింది.

కింద నీలిముక్క ఉంది. ఎలుక కొరికిన బెజ్జం అరచేయంత ఉంది, మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆరేళ్ళుగా ఎండ తగలక ఆ నీలం ఇంకా నిగనిగలాడుతోంది. భూదవ్వ తల్లికి ఎడమచేతి వాటం, కుట్టు ఎప్పుడూ వెనక్కి వాలేది. ఆ వాలుకుట్టు కూడా అట్లాగే ఉంది. భూదవ్వ దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఇన్నేండ్లు చెప్పకపోతివేమే?" అని చివరికి అన్నది.

"చెప్పనిచ్చినవా? పదిమందిల దొంగనంటివి. ఇప్పి చూడాలన్న బుద్ధి నీకే పుట్టాలని నేను కూడ మొండికేసిన. నా పెండ్లిచీర చించి కుట్టిన అక్కా, అది నీకు కనబడలేదు."

"మొండిదానివి."

"నీ యారాలినే గద."

భూదవ్వకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చిలుకవ్వ బొంత కింద చేయి పెట్టింది. పైనుంచి ఒకరు, కిందనుంచి ఒకరు, ఎర్రగడి పాత కుట్లను మూడు పక్కలా బిగించారు. విప్పిన నాలుగో పక్కకు చిలుకవ్వ సూది పెట్టబోతే భూదవ్వ పట్టుకుంది. "అది ఉండనీ. నాకు మళ్ళ అనుమానం వస్తే చూసుకుంట" అన్నది.

బొంత కప్పారు. జారలేదు. రాయి మీద చేయి పెట్టి చూస్తే వణుకు లేదు. ఇద్దరూ ముళ్ళు రాళ్ళు చూడకుండా పరుగున దిగి ఇంట్లోకి పోయేసరికి మంగి ఐదు బొంతలూ తన్నిపారేసి, ఒళ్ళంతా చెమటలతో కూర్చుని ఉంది.

"అవ్వా, ఉడకపోస్తున్నది. ఎందుకు కప్పినవ్ ఇన్ని?" అన్నది. ఆ తర్వాత చిలుకవ్వను ఎగాదిగా చూసి, "గోడ అవతలి ఈమె మనకేమైతది?" అని అడిగింది.

"మీ చిన్నవ్వ" అని చెప్పి భూదవ్వ గడపలో కూలబడింది. తొమ్మిది రోజుల బరువు అప్పుడు దిగింది. ఆ పొద్దే కొమురెల్లిని పిలిచి అడ్డగోడ పడగొట్టించారు. ఆ రాళ్ళే గుట్టకు మొదటి ఏడు మెట్లయ్యాయి.

నాటినుంచి తల్లికి అతుకులమ్మ అని పేరు. ఇప్పటికీ పుష్యమాసం మూడో ఆదివారం ఇంటింటి ఆడవాళ్ళు జానెడు పాతగుడ్డ చేత్తో చించి తెచ్చి బొంతకు అతుకుతారు. కొత్తగుడ్డ పనికిరాదు. మాటలు లేని తోడికోడళ్ళు, అక్కచెల్లెళ్ళు, ఇరుగుపొరుగువారు ఎర్రగడి తెరిచి నీలిముక్క దర్శనం చేసుకుని, ఒకరు పైన ఒకరు కింద చేయి పెట్టి ఒక్క కుట్టు వేసి దిగుతారు. జ్వరం పడ్డ పిల్లలను బొంత అంచు కింద కూర్చోబెడతారు. పిల్ల "ఉడకపోస్తున్నది" అనగానే బెల్లం నీళ్ళు పంచుతారు. నమ్మి వచ్చినవారి ఇంట్లో వణుకు నిలవదని, విడిపోయినది కలుస్తుందని పెద్దల మాట.

ఇక బోర్డు సంగతి. ఆలయ కమిటీవారు రంగులు వేయించిన ఆ బోర్డు మీద చిలుకవ్వ గుడ్డ కోసిందని, తల్లి ఆమెను శిక్షించిందని రాసి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఉంది. ఎవరు రాయించారో తెలుసు, ఇక్కడ ఆ పేర్లు రాయడం లేదు. కోసింది కాదు, కాపాడింది. చదువుకున్నవారు ఎవరైనా పూనుకుని దానిని సరిచేయవలసిందిగా విన్నపం. పాత అక్షరాలు గీకి పారేయనక్కరలేదు. తల్లి గుట్ట మీద అది పద్ధతి కాదు. దాని మీద నిజం రాసిన రేకు ఒకటి వేసి, మూడు పక్కలు మేకులు కొట్టండి. నాలుగో పక్క వదిలేయండి. కింద ఏమి రాసి ఉండేదో ఎత్తి చూసుకునే వీలు జనానికి ఉండాలి.