వీరాస్వామి డిజిటల్ డైరీ

తుమ్మలవాగు అవతల అడవిలో జంతువులకొక ఆస్పత్రి ఉండేది. పది ఇప్పచెట్ల నీడే దాని వార్డు, ఎండుగడ్డి పరుపులే మంచాలు. వైద్యం చదువుకునే పిల్లలకు అదే కాలేజీ కూడా. అక్కడ మూడో ఏడు చదువుతున్న కుందేలు పేరు వీరాస్వామి. పేరుకు వీరాస్వామే గాని చీమ తుమ్మినా ఉలిక్కిపడే రకం. మనసు వెన్న, చదువంటే ప్రాణం. జ్ఞాపకశక్తి మాత్రం చిల్లుకుండ. పొద్దున చదివింది మధ్యాహ్నానికి కారిపోయేది.

కిందటి వారం లేగదూడకు ఇవ్వాల్సిన నిద్రమందు మోతాదును వాడు పిచ్చుకపిల్లకు పోశాడు. అది మూడు రోజులు కళ్లు తెరవలేదు. ఆ మూడు రోజులూ తల్లిపిచ్చుక వాడి వంక చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. నాలుగో రోజు పిల్ల లేచి నూకలు అడిగేదాకా వీరాస్వామి గడ్డిపోచ ముట్టలేదు.

పెద్ద డాక్టరు తాబేలు కూర్మమ్మ కేకలు వేసే రకం కాదు. మెల్లగా నడుస్తుంది, మెల్లగా మాట్లాడుతుంది. అందుకే ఆవిడ మాటంటే అందరికీ దడ.

"నాయనా, మరచిపోవడం తప్పు కాదు. మరచిపోతానని తెలిసీ రాసి పెట్టుకోకపోవడం తప్పు. బరువు చూడకుండా మందు పోయడం అంతకన్నా పెద్ద తప్పు. ఇంకొక్కసారి మోతాదు తప్పిందా, ఏప్రాన్ విప్పేసి ఇంటికెళ్లిపో" అంది.

పుస్తకంలో రాసుకోవచ్చు కదా అంటారేమో. రాసుకున్నాడు పాపం. కాని కంగారు పుడితే చేతికి అందింది కొరకడం కుందేళ్ల జాతి లక్షణం. మొదటి ఏడు నోట్సంతా పరీక్షకు ముందు రోజే కడుపులోకి పోయింది. తోటి పిల్లలు కొందరు డిజిటల్ డైరీలు వాడుతున్నారు. అరచేతిలో పట్టే యంత్రం అది. పాఠాలూ మందుల మోతాదులూ అందులో దాచుకుని మీట నొక్కి చూసుకోవచ్చు. తనకూ అదే గతి అనుకుని వీరాస్వామి వాగొడ్డున ఉన్న నక్క గుంటయ్య కొట్టుకు వెళ్లాడు.

"రా అల్లుడూ, రా. డాక్టరు బాబు మన గుమ్మం తొక్కాడంటే పొద్దున్నే ఎవరి ముఖం చూశానో" అన్నాడు గుంటయ్య.

"ఇంకా డాక్టర్ని కాలేదు మామా. కాకుండా పోయేట్టున్నాను కూడా. మోతాదులు గుర్తుండేందుకు ఏదైనా ఉంటే చూపించు."

గుంటయ్య రెండు డైరీలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి సబ్బుబిళ్లంత, బూడిదరంగుది, బోసి తెర, గట్టి మీటలు. రెండోది పలకంత ఉంది. మీట నొక్కగానే తెర మీద రంగుల నెమలి పురి విప్పి ఆడింది.

"ఈ చిన్నదాంట్లో ఏముంది మామా?" అంటూ వీరాస్వామి కంగారులో దాని అంచు కొరికాడు. పళ్లు దిగలేదు.

"ఏమీ లేదు. నువ్వు రాస్తే ఉంటుంది, రాయకపోతే లేదు. గుమాస్తాలు కొనుక్కునేది అది. నీకు తగదు."

"మరి పెద్దదాంట్లో?"

"ఏం లేదో అడుగు. వెయ్యి మందుల మోతాదులు దాని పుట్టుకతోనే ఉన్నాయి. పాటలున్నాయి, ఆటలున్నాయి. రోగి పేరు చెప్పు, జబ్బు చెప్పు, మందెంతో అదే చెబుతుంది. ఇక నువ్వు చదవడం దేనికి, గుర్తుపెట్టుకోవడం దేనికి?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. వీరాస్వామి కళ్లు నెమలి మీదనుంచి కదలడం లేదు. "ఏమివ్వమంటావు?" అన్నాడు.

"నీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా. ఇంట్లో ఉన్న వేరుశనగ మూట ఇచ్చెయ్, చాలు."

ఆ మూట వీరాస్వామికి ఏడాది తిండి.

కొట్టు బయట ఎద్దు మైలయ్య నెమరు వేస్తూ ఇదంతా వింటున్నాడు. రోగులనూ మందులనూ ఆస్పత్రికి చేరవేసే బండి ఆయనది.

"మీ యంత్రాల సంగతి నాకు తెలవదు గాని అబ్బాయీ, కాడి కొనేటప్పుడు దాని మీద చెక్కిన చిలకల్ని చూసి కొనరు. మెడ మీద పెట్టి నాలుగడుగులు నడిపించి చూస్తారు" అన్నాడు.

"మెడ నీది, కాడి నీది. ఇక్కడ నీకేం పని మైలయ్యా" అని గుంటయ్య నవ్వేశాడు.

వీరాస్వామికి మాత్రం ఆ మాట నచ్చింది. పెద్ద డైరీలో జ్వరం అని నొక్కాడు. అది రోగి పేరు అడిగింది, ఊరు అడిగింది, తోక ఉందా అని కూడా అడిగింది. ఆ తర్వాత టక్కున మందు చెప్పేసింది. బరువు మాత్రం అడగలేదు.

పిచ్చుకపిల్ల మూసుకున్న కళ్లు వాడికి గుర్తొచ్చాయి. వెయ్యి మరచిపోయేవాడు ఆ ఒక్కటీ మరచిపోలేకపోయాడు.

"బరువు అడగలేదేం మామా?"

"తెలివైన యంత్రం అల్లుడూ. అదే పోల్చుకుంటుంది."

"అబ్బో" అన్నాడు వీరాస్వామి మెచ్చుకోలుగా. "అయితే ఒక పని చెయ్యి. మా మేడమ్ సరే అనందే ఏ వస్తువూ వార్డులోకి రాదు. రేపు పొద్దున రౌండ్స్ వేళకు నువ్వే తెచ్చి చూపించు. నీ అంత బాగా నేను చెప్పలేను. ఆవిడ ఊఁ అంటే మూట నీదే."

గుంటయ్య బూరెల గంపలో పడ్డట్టు పొంగిపోయాడు. కొట్టు వెనక అలాంటివి ఇంకో నలభై ఉన్నాయి. మేడమ్ మెచ్చిందంటే పిల్లలందరికీ అంటగట్టెయ్యొచ్చు.

మర్నాడు పొద్దున్నే కూర్మమ్మ ముందు నడుస్తుంటే పిల్లలు వెనక నడుస్తున్నారు. గుంటయ్య డైరీ తీసి నెమలిని ఆడించాడు.

"ఇది అబద్ధం చెప్పదమ్మా. తప్పయితే నా మీసం తీసేయండి."

"సంతోషం. ఇలా వచ్చి పడుకోండి" అంది కూర్మమ్మ గడ్డిపరుపు చూపిస్తూ.

"నేనెందుకండీ?"

"ఇక్కడి ఆచారం మామా" అన్నాడు వీరాస్వామి వినయంగా. "థర్మామీటరు కానీ సూది కానీ, కొత్తది ఏది వచ్చినా మొదట తెచ్చినవాడి మీదే వాడి చూస్తాం. ఆ తర్వాతే రోగులకు."

ఇందరి ముందు కాదంటే సరుకు మీద అనుమానం వస్తుంది. గుంటయ్య పడుకున్నాడు.

"ఏమిటి బాధ?" అడిగింది కూర్మమ్మ.

గుంటయ్య ఆలోచించి ప్రమాదం లేనిది ఎంచుకున్నాడు. "రెండు రోజులుగా విరేచనం సాఫీగా లేదమ్మా."

వీరాస్వామి మీట నొక్కాడు. నెమలి ఆడి తప్పుకుంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆముదం, రెండు బిందెలు.

"మైలయ్యా, బండిలో ఆముదం ఉందా?"

"సరిగ్గా రెండు బిందెలే ఉంది మేడమ్. సరిపోద్ది."

"అంత నా ఒంటికి ఎక్కువేమోనమ్మా" అన్నాడు గుంటయ్య.

"అబద్ధం చెప్పదన్నారుగా."

"చెప్పదు. చెప్పదు గాని..."

"గరాటు తెమ్మంటావా మామా?" అన్నాడు వీరాస్వామి.

గుంటయ్య తేలు కుట్టిన దొంగలా మెలికలు తిరిగాడు. బిందె మూతి ముక్కు దగ్గరికి వచ్చేసరికి నిజం బయటికొచ్చింది. "మీ కాళ్లు పట్టుకుంటాను, పోయకండి. ఇది ఏనుగుల ఆస్పత్రిలో వాడి పారేసింది. అక్కడ రోగులంతా ఏనుగులే, చిన్న ప్రాణుల లెక్క అందులో లేదు."

వార్డంతా నవ్వింది. కూర్మమ్మ నవ్వలేదు.

"దీన్ని నమ్మి ఈ పిల్లాడు రేపు ఒక ఉడుతకు మందు పోసి ఉంటే?" అంది మెల్లగా.

గుంటయ్య పరుపు మీంచి లేచి డైరీ తెర ఆర్పేశాడు. నెమలిని చూస్తూ తను మరో తప్పుకు ఎంత దగ్గరికి వెళ్లాడో అప్పుడు గాని వీరాస్వామికి పూర్తిగా తెలిసిరాలేదు.

ఆ సాయంత్రం వాడు నాలుగు సోలల వేరుశనగలిచ్చి చిన్న డైరీ తెచ్చుకున్నాడు. ఏ మందు రాసినా ముందు బరువు, తర్వాత మోతాదు, మేడమ్‌ని ఒకటికి రెండుసార్లు అడిగి తనే మీటలు నొక్కి ఎక్కించుకున్నాడు. అలా ఎక్కించగా ఎక్కించగా సగం చూడకుండానే నోటికి వచ్చేశాయి. ఏప్రాన్ వాడి ఒంటి మీదే ఉండిపోయింది.

రెండు నెలల తర్వాత కుళ్లిన చేపలు తిన్న గుంటయ్యకు నిజంగానే కడుపులో నొప్పి వచ్చింది. మూలుగుతూ మైలయ్య బండిలో ఆస్పత్రికి చేరాడు.

"ముందు తూకం మీద నిలబడు మామా" అన్నాడు వీరాస్వామి.

గుంటయ్య నిలబడ్డాడు. దిగాక, "సరిగ్గా చూశావా అల్లుడూ?" అని అడిగి, మళ్లీ తనంతట తానే ఎక్కి నిలబడ్డాడు.

నీతి: అంగట్లో మెరిసిన పనిముట్టును పనిలో పెట్టి చూశాకే మెచ్చుకోవాలి.