నూటికి తొంభై ఆరు మార్కుల ఆవకాయ

ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయలనే మహారాజు ఉండేవాడు. మణిగిరి అనే ఆ రాజ్యం మరీ పెద్దదేం కాదు గానీ, రాజుగారి బిరుదులు చదివి ముగించేసరికి వందిమాగధుల గొంతులెండిపోయి మజ్జిగ తాగాల్సి వచ్చేది. ఆయనకు రెండంటే ప్రాణం. ఒకటి, తన గొప్పను నలుగురూ చెప్పుకోవడం. రెండోది, వేడివేడి అన్నంలో కొత్త ఆవకాయ.

ఆ కొలువులో సింగన్న అనే చమత్కారి ఉండేవాడు. రాజుగారికి కోపం వచ్చినప్పుడు నవ్వించడం, నవ్వొచ్చినప్పుడు సందు చూసి నిజం చెప్పడం అతని ఉద్యోగం. ఇంటి దగ్గర మాత్రం అతని ఆటలు సాగేవి కావు. ఎందుకంటే అతనికి కోనమ్మ అనే ఆరేళ్ళ కూతురుంది. పిల్ల కాదది, వసపిట్ట.

"నాన్నా, చీమలకి నిద్రొస్తే ఎక్కడ పడుకుంటాయి?"

"నాన్నా, చందమామకి జలుబు చేస్తుందా?"

"నాన్నా, నువ్వు చిన్నప్పుడు నేనెక్కడున్నాను?"

కొలువులో పండితుల నోళ్ళు మూయించే సింగన్న కూతురి ముందు నోరు తెరుచుకుని నిలబడేవాడు. అలా నిలబడటం అతనికి ఎంతో హాయిగా ఉండేది.

ఇలా ఉండగా పొరుగు రాజొకాయన విందుకొచ్చాడు. కడుపునిండా తిని, తాంబూలం నములుతూ, "మా రాజ్యంలో పసిపిల్లలు మహా చురుకు లెండి. మీవాళ్ళు కాస్త మందమనుకుంటాను," అని ఒక మాట విసిరి వెళ్ళిపోయాడు. తిన్నవాడు తిన్నట్టు పోక ఆ మాట దేనికి? అది కాస్తా మన రాయలవారి పంటిలో పుల్లలా ఇరుక్కుంది.

మర్నాడు ఆస్థాన పండితుడు ఘటికాచల శాస్త్రికి కబురు వెళ్ళింది. శాస్త్రిగారు మనిషి పొట్టి, తలపాగా పొడుగు. సంగతి విని ఆయన చిరునవ్వు నవ్వాడు.

"ప్రభూ, దీనికింత విచారమెందుకు? ఏకరూప మహాపరీక్ష పెడదాం. రాజ్యంలో పలక పట్టిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ, ప్రతి పౌర్ణమికీ, ఒకే గంట కొట్టగానే, ఒకే ప్రశ్నలకి, ఒకే జవాబు రాయాలి. అందరికీ మార్కులు. మొదట నిలిచిన ఊరికి ఏనుగు మీద ఊరేగింపు. చివర నిలిచిన ఊరి పొలిమేరలో ఒక గాడిదను కట్టేయిద్దాం. చదువు దానంతటదే పరిగెత్తుకొస్తుంది."

"భేష్!" అన్నాడు రాజు. ఆయనకు ఏనుగూ నచ్చింది, గాడిదా నచ్చింది.

ఇక చూడండి సంబరం. బడుల్లో పాటలు పోయాయి, కథలు పోయాయి, కోతికొమ్మచ్చులు పోయాయి. పంతుళ్ళకు గాడిద భయం పట్టుకుంది. "పాలు ఇచ్చునది ఏది?" అని అడిగితే జవాబుల పత్రంలో "ఆవు" అని ఉంది. గొల్లవాడలో పిల్లలంతా "గేదె" అని రాసి సున్నాలు తెచ్చుకున్నారు. వాళ్ళ వాడలో ఉన్నవన్నీ గేదెలే మరి, పాపం వాళ్ళేం చేస్తారు?

తల్లిదండ్రుల్నీ అనాలి. మొదటి పౌర్ణమికి పిల్లలకు దిష్టి తీసి పంపినవాళ్ళు, రెండో పౌర్ణమికి పక్కింటివాడి మార్కులు ఆరా తీయడం మొదలెట్టారు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశారు. సరస్వతి ఆకు పసరు పట్టించారు. రాజ్యమంతటా ఆ ఆకుకి కరువొచ్చి, ఆఖరికి ఏది పచ్చగా కనిపిస్తే అది నూరి పోశారు. ఆ తర్వాత పిల్లలు అన్నాలు మానేశారు, రాత్రిళ్ళు పక్కలు తడిపారు, నిద్రలో ఎక్కాలు కలవరించారు. అప్పుడు గుండెల్లో రాయి పడి, తల్లులంతా సింగన్న వాకిట్లోకి వచ్చారు.

"అన్నా, నువ్వు రాజుగారి దగ్గర నాలుగు మాటలు చెప్పగలవాడివి," అంది కుమ్మరి ఎర్రక్క. "మా బుడ్డోడు పౌర్ణమి వస్తుందంటే చాలు, కడుపునొప్పని ముడుచుకు పడుకుంటున్నాడు. చందమామను చూపించి గోరుముద్దలు పెట్టినదాన్ని, ఇప్పుడా చందమామ కనపడకుండా కిటికీ మూస్తున్నాను."

"చెబుతానమ్మా," అన్నాడు సింగన్న. కానీ అతని చూపు అరుగు చివర కూర్చున్న కోనమ్మ మీదే ఉంది. ఆ పిల్ల ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తులేదు.

సంగతేమిటంటే, కిందటి పరీక్షలో "సూర్యుడు ఎక్కడ ఉదయించును?" అని అడిగారు. కోనమ్మ "రంగమ్మత్త వాళ్ళ పాక మీద" అని రాసింది. రోజూ పొద్దున్నే లేచి చూసే పిల్ల కాబట్టి చూసిందే రాసింది. సున్నా వచ్చింది. పంతులు దాన్ని మందమని అందరి ముందూ నిలబెట్టాడు.

తల్లులు వెళ్ళాక ఆ సాయంత్రం అది తండ్రి ఒళ్ళో చేరి, "నాన్నా, నేను మందమా?" అని అడిగింది. ఇన్నాళ్ళ తర్వాత అడిగిన ప్రశ్న అది. సింగన్న దాన్ని గుండెకు హత్తుకున్నాడు. పొరుగు రాజు నోటి తాంబూలం తన కూతురి మీద పడిందనిపించి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు కొలువులో అతను చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, పసిపిల్లలకి ఈ పరీక్షలు పడటం లేదు. ఆపించండి."

శాస్త్రి పకపకా నవ్వాడు. "ఈయన కూతురికి సున్నా వచ్చింది ప్రభూ. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

సభంతా నవ్వింది. రాజూ నవ్వాడు. "సింగన్నా, పరీక్షించనిదే ఏ సరుకు నాణ్యమైనా ఎలా తెలుస్తుంది? పరీక్ష వల్ల చెడిపోయిన వస్తువు ఒక్కటి చూపించు, ఆపేస్తాను. చూపించలేకపోతే, వచ్చే పౌర్ణమికి నీ కూతురి పక్కనే పలక పట్టుకుని నువ్వూ కూర్చోవాలి."

"చిత్తం," అన్నాడు సింగన్న. కాసేపు తల గోక్కుని, లొంగిపోయినవాడిలా ముఖం పెట్టాడు. "ప్రభువులు చెప్పినదీ నిజమే. అసలు నాణ్యం చూడాల్సిన వస్తువు ఒకటి మరిచాం. కొత్తావకాయ జాడీలకెత్తి నాలుగు రోజులైనా కాలేదు. ఈ ఏడు కుదిరిందో లేదో ఎవరికి తెలుసు? శాస్త్రిగారి పద్ధతిలోనే ఊరగాయలకి మహాపరీక్ష పెట్టే అధికారం నాకివ్వండి. ఫలితాలొచ్చేదాకా వడ్డన ఉండదు."

ఆవకాయ పేరు వినగానే రాజుగారి నోట్లో నీళ్ళూరాయి. "దారికొచ్చావు!" అని రాజముద్ర వేయించి ఇచ్చాడు. శాస్త్రిగారు కూడా మీసం దువ్వుకున్నాడు.

కోటలో ఊరగాయల గది మాణిక్యమ్మ చేతిలో ఉండేది. మహారాణి వచ్చినా కాళ్ళు కడుక్కోనిదే గడప తొక్కనిచ్చేది కాదావిడ. అలాంటి గదిలోకి సింగన్న రాజముద్ర చూపించి భటుల్ని దింపాడు.

"ఓరి నీ పరీక్ష పాడుగాను! తడి చేతులతో ముట్టుకుంటారట్రా?" అని మాణిక్యమ్మ నెత్తి కొట్టుకుంది. సింగన్న ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ ముక్కు మీద వేలేసుకుని, కొంగు దోపుకుని పక్కకు తప్పుకుంది.

పొద్దున్నే గంట కొట్టేవారు. అన్ని జాడీలకీ ఒకేసారి వాసెన గుడ్డలు విప్పేవారు. పరీక్షాధికారులు వరసగా వచ్చి తలా ఒక గరిటె ముంచి, ముక్క తీసి, పిసికి, వాసన చూసి, మళ్ళీ అందులోనే పడేసేవారు. సాయంత్రం మళ్ళీ గంట, మళ్ళీ గరిటె. ప్రశ్న మాత్రం అన్నిటికీ ఒక్కటే: "ముక్కకు టెంక ఉన్నదా?" నూరు ముక్కల్లో ఎన్నిటికి ఉంటే అన్ని మార్కులు.

ఆవకాయకుంది. మాగాయకు లేదు, సున్నా. ఉసిరికాయలో గింజ ఉంది గానీ అది టెంక కింద చెల్లదన్నారు. గోంగూర సంగతి చెప్పనే అక్కర్లేదు. మాగాయ, గోంగూర జాడీలను మూతలు తీసి, "మందం" అని చీటీ కట్టి నడివాకిట్లో నిలబెట్టారు. మొదటి స్థానం వచ్చిన ఆవకాయ జాడీకి పూలదండ వేసి, ఏనుగు మీదకెక్కించి, కోట చుట్టూ ఊరేగించారు. ఏనుగు ఊగినప్పుడల్లా నూనె ఒలికి మావటివాడి నెత్తిన పడేది. పాపం వాడికి ఎన్నాళ్ళకీ ఆ ఘాటు వదల్లేదు.

చివరకు ఫలితాల రోజు వచ్చింది. ఉద్దండరాయలు బంగారు పళ్ళెం ముందు కూర్చున్నాడు. పొగలు కక్కే అన్నం వడ్డించారు. పేరిన నెయ్యి వేశారు. పక్కన శాస్త్రిగారు కూడా అతిథి పీట మీద చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు.

సింగన్న వెండిపళ్ళెంలో ఒక తాటాకు తెచ్చి, రాజుగారి అన్నం పక్కన భక్తితో ఉంచాడు.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

"మొదటి జాడీ ఫలితం ప్రభూ. నూటికి తొంభై ఆరు. కలుపుకోండి."

"ఆవకాయేదిరా?"

"మార్కులొచ్చాక ఇంకా ఆవకాయతో పనేముంది ప్రభూ? కావాలంటే మారు వడ్డిస్తాను. రెండో జాడీకి తొంభై నాలుగొచ్చింది."

రాజుగారి ముఖం ఆవకాయ రంగుకు తిరిగింది. ఎంగిలి పడకుండానే లేచి ఊరగాయల గదికి పరుగెత్తాడు. వెనకే శాస్త్రిగారు, తలపాగా పట్టుకుని. జాడీలు చూస్తే ఇంకేముంది, నూనె తేలాల్సిన చోట తెల్లటి బూజు దుప్పటి కప్పుకుని పడుకుంది. వాకిట్లో గోంగూర ఎండి అట్టకట్టింది. ముక్కలు పిసికిన పిసుకుడికి గుజ్జుగుజ్జుగా ఉన్నాయి.

ఆకలి మీదున్న శాస్త్రిగారికి రాజుగారికంటే ముందు కోపం ముంచుకొచ్చింది.

"ఓరి మూర్ఖుడా! ఆవకాయ జాడీ మూత పొద్దస్తమానం తీస్తారట్రా? కలిపి, జాడీకెత్తి, వాసెన కట్టి, మూడోనాడు ఒక్కసారి తిరగకలిపి, మళ్ళీ కట్టి దాని మానాన దాన్ని వదిలేయాలి! దాని ఊట దానికి రావాలి! అయినా గోంగూరలో టెంక ఎక్కడుంటుందిరా? దేని రుచి దానిది కాదూ? ఆమాత్రం తెలియదూ?"

సింగన్న మెల్లగా శాస్త్రిగారి పాదాలకు దణ్ణం పెట్టాడు.

"తెలుసు స్వామీ. మీ నోట వినాలనే ఈ పాటుపడ్డాను. ప్రభూ, పరీక్ష వల్ల చెడిపోయిన వస్తువును చూపించమన్నారు. చూపించాను. ఎలా చెడిందో శాస్త్రిగారే సెలవిచ్చారు."

శాస్త్రిగారు తలపాగా సర్దుకున్నాడు. "పిల్లలూ ఆవకాయా ఒకటేనా?"

"ఎలా అవుతారు స్వామీ?" అన్నాడు సింగన్న. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "ఆవకాయ చెడితే మళ్ళీ వేసవికి మామిడికాయలు కాస్తాయి. నా కోనమ్మకి మళ్ళీ ఆరేళ్ళు రావు."

ఉద్దండరాయలు బూజు పట్టిన జాడీలోకి తొంగిచూశాడు. ఆయనకూ ఒకప్పుడు ఆరేళ్ళుండేవి. ఆ సంగతి ఆయనకు బిరుదుల గోలలో గుర్తురాలేదు, ఇప్పుడొచ్చింది.

"ఆ పిల్లను పిలిపించు," అన్నాడు.

కోనమ్మ వచ్చింది. చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడింది. రాజు కిందికి వంగి, "ఏం తల్లీ, నీ పేరేమిటి?" అన్నాడు.

ఆ పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. "ఇది పరీక్షా?" అంది.

ఆ మాట రాజుగారికి ఎక్కడో తగిలింది. కిరీటం తీసి ఆవకాయ జాడీ మీద పెట్టి, ఆయన నేల మీదే చతికిలబడ్డాడు.

"కాదమ్మా. ఇక పసివాళ్ళకి పరీక్షల్లేవు. ఇవాళ్టినుంచి నువ్వే అడుగు, నేను చెబుతాను."

కోనమ్మ తండ్రి వైపు చూసింది. సింగన్న తలూపాడు. పిల్ల కాస్త దగ్గరకు జరిగి, రాజుగారి ముఖాన్ని అటూ ఇటూ పరిశీలించింది.

"మరైతే, ఇంత పెద్ద మీసాలు కదా, ఆవకాయన్నం తినేటప్పుడు ముందు మీసాలు తింటాయా, మీరు తింటారా?"

ఉద్దండరాయలు నవ్విన నవ్వుకి గోడ మీద మూకుళ్ళు గలగలలాడాయి. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "నిజం చెప్పాలంటే తల్లీ, మీసాలే!" అన్నాడు. శాస్త్రిగారికి కూడా నవ్వాగలేదు, తలపాగా జారిపోయింది.

"సింగన్నా, ఏం కావాలో కోరుకో. కానీ నా ఆవకాయ..." అని రాజు నిట్టూర్చాడు.

"ఒక్క జాడీ పరీక్ష ఎగ్గొట్టింది ప్రభూ. మాణిక్యమ్మ మంచం కింద దాక్కుంది."

మాణిక్యమ్మ ఆ జాడీ తెచ్చి వాసెన విప్పింది. గదంతా ఘుమఘుమలాడింది. పైన నూనె వేలెడు తేలి ఉంది. మళ్ళీ వేడన్నం వండారు. రాజు కోనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని తిన్నాడు. సింగన్న మెడలో తన ముత్యాల హారం వేశాడు. పొలిమేర గాడిదల్ని విప్పించాడు. పరీక్షల ఏనుగును పిల్లలు ఎక్కి తిరగడానికి బడులకిచ్చేశాడు.

"పొరుగు రాజు మన పిల్లల సంగతి అడిగితే ఏం చెప్పమంటావు?" అన్నాడు చేయి కడుక్కుంటూ.

"ఊరుతున్నారని చెప్పండి ప్రభూ," అన్నాడు సింగన్న.

ఇంటికి వెళ్ళేటప్పుడు కోనమ్మ తండ్రి భుజమెక్కింది. ఏనుగుకి చక్కిలిగింతలు పెడితే నవ్వుతుందా అని అడిగింది. బూజుకి అమ్మా నాన్నా ఉంటారా అని అడిగింది. గాడిదను ఊరి చివర ఎందుకు కట్టారు, అదేం రాసిందని అడిగింది. దారి పొడుగునా సింగన్న ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాడు. పరీక్షే గనక ఉండి ఉంటే ఆ రోజు అతనికి గుండుసున్నా వచ్చేది. రాజ్యంలో అంత సంతోషంగా సున్నా తెచ్చుకున్నవాడు మరొకడు లేడు.

కథ జాడీలోకి, మనం విస్తళ్ళ ముందుకి.