మేక తరగతి కట్ట

ఒకానొక రాజ్యంలో చెరువు కట్టలను జంతువులతో కొలిపించే రాజు ఒకడుండేవాడు. పేరు ఎరకభూపతి. కట్ట పక్కన ఏనుగును నిలబెట్టించేవాడు. కట్ట దాన్ని మించితే ఏనుగు తరగతి. గుర్రాన్ని మాత్రమే మించితే గుర్రం తరగతి. దాన్నీ మించకపోతే మేక తరగతి. ఏనుగు కట్టకు కాపలా, ఏటేటా మరమ్మతు. గుర్రం కట్టకు కాపలా మాత్రం. మేక కట్టకు ఏమీ లేదు, తెగినా ప్రమాదం లేదని రాజముద్ర ఒక్కటే.

ఇంత గొప్ప పద్ధతి తన బుర్రలోంచే పుట్టిందని రాజుగారికి మహా గర్వం.

కొలువులో కథలు చెప్పే ముమ్మక్క పుట్టిల్లు గుంటపల్లె. ఆ పల్లె ఒక కుంట కిందే ఉంది. కుంటకున్నది చిన్న మట్టికట్ట, మేక తరగతి. తొలి వానలకే కుంట దాదాపు నిండింది. చెల్లెలి కూతురి పురుడు చూడబోయిన ముమ్మక్క పెరట్లో అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడింది. కట్ట అడుగునుంచి నీరు ఊరుతోంది. తేట నీరైతే ఆమె పట్టించుకునేది కాదు. వస్తున్నది బురద నీరు. కట్ట లోపలి మన్ను కరిగి బయటికి వచ్చేస్తోందన్నమాట.

పరుగున వచ్చి రాజుకు చెప్పింది.

"మేక కట్టకు భయమా? ఇలాంటి కథలు పిల్లలకు చెప్పుకో, ముమ్మక్కా!" అన్నాడు రాజు.

"ప్రభువుల కొలత తప్పుతుందా అమ్మా?" అని వంత పాడాడు మంత్రి బొల్లన.

ముమ్మక్క మాట పడి ఊరుకునే మనిషి కాదు. ఆ పూట మాత్రం ఊరుకుంది. ఎదురు మాటంటే తన నోటి దురద తీరుతుంది గానీ కట్టకు తట్టెడు మన్ను పడదు. పసిగుడ్డు ఇంకా ఆ కట్ట కిందే ఉంది.

"నాదే తప్పు ప్రభూ," అంది. "రేపు వేటకు వెళ్తున్నారుగా. మధ్యాహ్నం కునుకుకి ఆ కట్ట కింద గుడారం వేయిస్తాను. చల్లగా ఉంటుంది."

మర్నాడు రాజు సుష్టుగా తిని పట్టు పరుపు మీద వాలాడు. కాసేపటికి వీపు జిల్లుమంది.

"ముమ్మక్కా! ఏమిటీ తడి?"

"మేక తరగతి తడి ప్రభూ. పడుకోండి."

"ఆ బుడబుడ చప్పుడో?"

"అదీ మేక తరగతిదే. మీ ముద్ర ఉందిగా, ఏం కాదు."

రాజు వెంట వచ్చిన మంత్రి గుడారం బయటికొచ్చి కట్ట ఎక్కి చూశాడు. నీరు అంచుకు జానెడు కింద ఉంది. "తూము తెరవండి! మనుషుల్ని పిలవండి! మన్ను పోయించండి!" అని కేకలు పెట్టాడు.

ముమ్మక్క నడుం మీద చేయి వేసుకుని అడ్డం నిలబడింది. "ఆగండి మంత్రిగారూ. నిన్నటికీ ఇవాళ్టికీ కట్ట ఏమైనా పెరిగిందా? మేకను తోలుకురానా, కొలుద్దాం?"

"ఇప్పుడు కొలతలేమిటమ్మా! కింద ప్రభువులు పడుకున్నారు!"

"నిన్న మా బాలింత పడుకుంది."

తడి బట్టలతో బయటికొచ్చిన రాజు కట్టను చూశాడు. తర్వాత మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. పూరిళ్లు. చూరుకు వేలాడే చీర ఉయ్యాల. దండెం మీద పొత్తిగుడ్డలు.

"ఇంతమంది ఉన్నారా ఇక్కడ?" అన్నాడు మెల్లగా.

"ఎప్పుడూ ఇంతమందిమే ప్రభూ. మీరు ఏనుగును కట్ట వైపు తిప్పి నిలబెట్టారు. మేం దాని తోక వైపు ఉన్నాం."

రాజు పక్కున నవ్వాడు. "ఇకమీదట ఏ కట్టకైనా కింద ఎవరున్నారో ముందు చూడండి, ఎత్తు సంగతి తర్వాత. తూము తెరవండి!" అని ముంజేతి కంకణం తీసి ఆమెకు ఇవ్వబోయాడు.

"కంకణం వద్దు ప్రభూ, ఈ గుడారం ఇప్పించండి."

"తడిసిన గుడారం నీకెందుకు?"

"నాకు కాదు. వానలు వెళ్లేదాకా ఇక్కడే ఉంచండి. మీరు ఏ పూట వచ్చి పడుకుంటారో మాత్రం మంత్రిగారికి చెప్పకండి."

రాజు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి కంకణమూ ఇచ్చాడు, గుడారమూ ఇచ్చాడు.

ఆ వానాకాలం ఆయన మళ్లీ గుంటపల్లెకు రానేలేదు. కట్ట మీద మన్ను మాత్రం రోజూ పడింది.