పిచ్చివరిగ

భైరవయ్యగారికి వాదన పడదు. శిష్యుడు సందేహం అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. పని ముగిసేసరికి సందేహమైనా తీరాలి, అడిగే ఓపికైనా పోవాలి. ఉప్పువాగు ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమంలో ఓపిక పోయినవాళ్ళే ఎక్కువని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నవ్వుకునేవారు.

శిష్యుల్లో నాగలింగం తర్కం బాగా చదివినవాడు. ఒకనాడు అడవిలో పుల్లలు ఏరుతూ గురువుగారిని అడిగాడు: "అయ్యవారూ, సృష్టికర్తకు పొదుపు తెలియదా? గింజలు తినే పక్షులు ఎన్ని రకాలు! పేడ దొర్లించే పురుగులు ఎన్ని రకాలు! ఒకటి చేసే పనినే పదీ చేస్తున్నప్పుడు, అందులో ఒకటి పోయినంత మాత్రాన లోకానికి వచ్చే లోటేమిటి?"

గురువుగారు మోపు కట్టుకుంటూ విన్నారు. మోపు నెత్తికెత్తుకుని ఆశ్రమం దారి పట్టారు.

ఆ ఏడు వాన మోసం చేసింది. తొలకరికి ఊరూరా వేసిన సంకర జొన్న మోకాలెత్తు లేచి మాడిపోయింది. విత్తే అదనులన్నీ దాటిపోయి, జనం ఆకాశంకేసి చూడటం కూడా మానేశాక, తీరుబడిగా ఒక మంచి వాన పడింది. మర్నాడు పొద్దున్నే వాగు అవతలి నుంచి సాలమ్మ ఆశ్రమానికి వచ్చింది. మొగుడు పోయినా, ఒక జత ఎడ్లను నమ్ముకుని ఇద్దరు ఆడపిల్లలతో సేద్యం నెట్టుకొస్తున్న మనిషి.

"అయ్యోరా, ఇప్పుడు ఏసినా చేతికొచ్చేది పిచ్చివరిగొకటే. తడారకముందే గింజ నేలలో పడాల. పడలేదంటే ఎడ్లనమ్ముకోని, బిడ్డల్ని తీసుకోని ఇటుక బట్టీలకు పోవాల్సిందే" అంది.

పిచ్చివరిగకు నిజంగా పిచ్చేమీ లేదు. వేళాపాళా లేకుండా ఎప్పుడు చల్లినా మొలుస్తుందని ఆ పేరు పెట్టారు. గింజ సన్నం, దిగుబడి తక్కువ, అన్నం కాస్త చేదు. మంచి ఏడాదిలో దాని మొహం ఎవరూ చూడరు.

"నాగలింగం, కొండ ఊళ్ళకు పోయి పిచ్చివరిగ విత్తనం అడిగి తీసుకురా" అన్నారు గురువుగారు.

నాగలింగం సంచి భుజాన వేసుకుని హుషారుగా బయల్దేరాడు. హుషారుకు కారణముంది. విత్తనం అడగవచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపే అలవాటు ఆ కొండల్లో లేదు. వచ్చినవాడు పగవాడైనా సరే, తమ గాదె అడుగు గీకి అయినా పోసి పంపుతారు.

మొదటి ఊళ్ళో పెద్దాయన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. "మేం ఏసి చాన్నాళ్ళయింది సామీ. పై ఊరోళ్ళ కాడ ఉంటాది, పోండి" అన్నాడు. పై ఊళ్ళోనూ మజ్జిగ దొరికింది. "కొండ సందున గొందిలో ఊరోళ్ళు పాతకాలపోళ్ళు, వాళ్ళు వదలరులే అని మేం జొన్నకు మళ్ళినాం" అన్నారు అక్కడ. గొందిలో వాళ్ళు కొండ అవతలి ఊరిని చూపించారు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ దాచుకోలేదు. కావాలంటే ఎవరో ఒకరు ఇస్తారన్న ధీమాతోనే అందరూ దాన్ని వదిలేశారు. అది అర్థమవుతున్నకొద్దీ నాగలింగం హుషారు తగ్గింది.

కొండ నెత్తికి ఎక్కాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. కింద నడుస్తున్నప్పుడు ఒక్కో ఊరి చేను ఒక్కోటిగా కనిపించింది. పైనుంచి చూస్తే కనుచూపు మేరా ఒకటే రంగు, ఎండిన జొన్న రంగు. మధ్యలో ఎక్కడైనా ఒక పచ్చటి ముక్క కనిపిస్తుందేమోనని చాలాసేపు వెతికాడు.

అవతలి ఊళ్ళో ఒక ముసలమ్మ అతని కళ్ళముందే గాదె అడుగు ఊడ్చి చూపించింది. "మాకేం బెంగలే అనుకున్నాం నాయనా. ఉప్పువాగు కాడ అయ్యోరి ఆశ్రమంలో అన్ని ఇత్తనాలూ పదిలంగా ఉంటాయి కదా. ఆడ అడగ్గూడదూ? ఇంతకీ నువ్వు యాడినించొచ్చినావు?" అని అడిగింది.

నాగలింగం సంచి దులుపుకుని లేచాడు.

తిరిగి వచ్చేసరికి నేల పొడిబారింది. సాలమ్మ ఆశ్రమం వాకిట్లోనే కూర్చుని ఉంది. ఖాళీ సంచి చూసి కొంగు దులుపుకుని లేచింది. ముసలమ్మ అన్న మాట నాగలింగం చెబుతుంటే గురువుగారు తలవంచుకుని విన్నారు. ఆశ్రమం గాదెలో ఉన్నదీ సంకర జొన్నే.

సంత రోజున సాలమ్మ ఎడ్లను తోలుకుని వాగు దాటింది. వెనకాల పిల్లలిద్దరూ మూటలు నెత్తిన పెట్టుకుని నడిచారు. చిన్నది ఒక ఎద్దు తోక పట్టుకుని వదల్లేదట. ఈ సంగతి విన్న నాకే ప్రాణం ఉసూరుమంది. చూసినవాడి గతి ఏమిటో!

వాళ్ళు కనుమరుగయ్యేదాకా నిలబడి, నాగలింగం కోపమో ఏడుపో తెలియని గొంతుతో అడిగాడు: "ఇన్ని ఊళ్ళలో తప్పు ఏ ఊరిది, అయ్యవారూ?"

"ఆఖరున వదిలేసినవాళ్ళది" అన్నారు భైరవయ్యగారు. మళ్ళీ ఆయనే అన్నారు: "అయితే, తామే ఆఖరని వాళ్ళకు తెలియదు, పాపం."